మైకు పట్టుకునేదెవరు?

2004 డిసెంబర్ 26, ఆదివారం ఉదయం. పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన ఉన్న నల్లవాడు అనే జాలరి పల్లెకు సింగపూర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఉద్యోగం చేస్తున్న ఆ ఊరి కుర్రాడొకడు సుమత్రా భూకంపం వార్త విని ఇంటికి ఫోన్ చేశాడు. సముద్రపు నీరు ఊళ్లోకి వస్తోందని ఇంట్లోవాళ్లు చెప్పేసరికి అతనికి సంగతి అర్థమైపోయింది. ఉన్నపళంగా ఇల్లు వదలండి, అందరికీ చెప్పండి అన్నాడు. ఊరివాళ్లు విజ్ఞాన కేంద్రం తలుపు బద్దలుకొట్టి, లోపలున్న మైకు అందుకున్నారు. కాసేపట్లో ఊరు ఖాళీ. సుమారు 500 కుటుంబాలు, 3,600 మందికి పైగా జనం. ఇళ్లు కూలాయి, పడవలు కొట్టుకుపోయాయి. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. అదే రోజు ఆ కేంద్రపాలిత ప్రాంతం మొత్తమ్మీద దాదాపు 600 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు కారైకాల్ తీరంలోని వారే.

ఇరవయ్యేళ్లు దాటినా ఈ కథను సాంకేతిక సదస్సుల్లో ఇంకా చెబుతూనే ఉన్నారు. ఇంటర్నెట్ ఒక ఊరిని కాపాడిందన్నది దాని సారాంశం. నిజానికి ఆ ఉదయం ఇంటర్నెట్ చేసిందేమీ లేదు. రోజూ అలల ఎత్తు చెప్పే వెబ్‌సైట్లేవీ సునామీ సంగతి చెప్పలేదు. హిందూ మహాసముద్రానికి అప్పటికి సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదు. మన కాలమానం ప్రకారం ఉదయం 6.29కి భూమి కంపించింది. అలలు తమిళ తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటలూ కబురు చెప్పే నాథుడు లేకుండానే గడిచిపోయాయి. నల్లవాడును ఆదుకున్నవి ఒక ఫోనూ ఒక మైకూ. వాటితోపాటు, ఆ మైకులో వినిపించే మాటను నమ్మడం ఊరికి అలవాటు కావడం. ఆ అలవాటు ఎలా వచ్చిందన్నదే అసలు కథ. దాన్ని చెప్పేవాళ్లు తక్కువ.

1998లో, అప్పటికింకా పాండిచ్చేరిగానే ఉన్న ఆ ప్రాంతంలో, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టడం మొదలుపెట్టింది. డబ్బు కెనడాకు చెందిన అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధనా కేంద్రం ఇచ్చింది. విల్లియనూర్‌లో ప్రధాన కేంద్రం, చుట్టూ ఊళ్లలో చిన్న కేంద్రాలు. ఫోన్ లైన్లు అంతంతమాత్రం కాబట్టి పోలీసు జీపుల్లో వాడే తరహా వీహెచ్‌ఎఫ్ రేడియోల మీద సమాచారం పంపేవారు. కరెంటు పోతే సౌరఫలకాలే దిక్కు. మన పల్లెల్లో చాలామంది కంప్యూటర్‌ను కంటితో చూడని రోజులవి.

అయితే అందులో కొత్తదనం యంత్రాలది కాదు. ముందు ఊళ్లకు వెళ్లి మీకు ఏం తెలియాలి అని అడిగారు. రైతులు ధాన్యం ధర తెలిస్తే చాలన్నారు. పేదలకు కావలసింది ప్రభుత్వ పథకాల వివరాలు, అర్హుల జాబితాలో తమ పేరుందో లేదో తెలియడం. వీరంపట్టినం జాలర్లకు రేపు సముద్రం ఎలా ఉంటుందో కావాలి. ఆ జవాబు అమెరికా నౌకాదళం వెబ్‌సైట్‌లో దొరికింది. విల్లియనూర్‌లో దాన్ని దించుకుని, తమిళంలోకి మార్చి, ఊరికి పంపేవారు. అక్కడ లౌడ్‌స్పీకర్‌లో చదివేవారు. యుద్ధనౌకల కోసం వేసిన లెక్క కట్టుమరం మీద వేటకెళ్లే మనిషికి పనికొచ్చింది. తెల్లవారుజామున వల భుజాన వేసుకునే ముందు ఓ చెవి అటు పడేయడం జాలర్లకు రివాజైంది.

ఈ పని చేసింది ఎవరు? ఆ ఊళ్లవాళ్లే. ఎక్కువమంది యువతులు, గృహిణులు. పెద్ద చదువులు లేవు, జీతమంటూ చెప్పుకోదగ్గది లేదు. ఇంగ్లిష్ కీబోర్డు మీద తమిళం కొట్టడం నేర్చుకున్నారు. ‘నమ్మ ఊరు సేది’ పేరుతో పక్షపత్రిక కూడా వచ్చింది. గది ఊరే ఇవ్వాలి, అందులోకి దళితులతో సహా అందరికీ ప్రవేశం ఉండాలి అన్నది సంస్థ పెట్టిన షరతు. చెప్పినంత తేలిక కాదది. ఎంబలంలో కేంద్రం పెట్టింది గుడి ఆవరణలో. అన్ని కేంద్రాలూ నిలవలేదు కూడా. ఊళ్లోని కులం గొడవలను కంప్యూటర్ తీర్చేస్తుందని ఆశించినవాళ్లకు అదొక పాఠం. అయినా 2001లో ఈ ప్రాజెక్టుకు స్టాక్‌హోం చాలెంజ్ అవార్డు వచ్చింది. ప్రతి ఊరికీ ఒక విజ్ఞాన కేంద్రం అనే నినాదం ఢిల్లీదాకా వెళ్లి, 2005-06 కేంద్ర బడ్జెట్‌లో 100 కోట్ల రూపాయల ప్రస్తావనగా తేలింది. మైకు పట్టుకునే అమ్మాయికి నెలకెంత ఇవ్వాలన్నది మాత్రం ఆ నినాదంలో లేదు.

ఇప్పుడు పరిస్థితి వేరు. ప్రతి జాలరి చేతిలోనూ ఫోనుంది. స్వామినాథన్ సంస్థ రూపొందించిన ‘ఫిషర్ ఫ్రెండ్’ యాప్ తెలుగుతో సహా పలు భాషల్లో అలల ఎత్తు, గాలి వేగం, చేపలు దొరికే చోటు చెబుతుంది. అమెరికా నౌకాదళం వైపు చూడాల్సిన పనీ లేదు. హైదరాబాద్‌లోని ‘ఇన్‌కాయిస్’ ఆ లెక్కలన్నీ వేస్తోంది. 2007 అక్టోబర్ నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే ఉంది. సముద్రం కనిపించని హైదరాబాద్ నుంచి హిందూ మహాసముద్రాన్ని కనిపెట్టుకుని ఉండటం తమాషాగానే అనిపించవచ్చు. కానీ భూకంపం వచ్చిన పది నిమిషాల్లో మొదటి సమాచారం ఇవ్వగల సత్తా దానికి ఉంది. అంటే 2004లో వృథాగా పోయిన రెండు గంటలను మన శాస్త్రవేత్తలు వెనక్కు తెచ్చారు.

మరి చివరి మైలు? తెలుగువారికి ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను కోనసీమనూ, పుదుచ్చేరిలోనే భాగమైన మన యానాంనూ ఊడ్చిపెట్టినప్పుడు వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాతావరణ శాఖ చెప్పింది. వేటకెళ్లిన పడవల్లో చాలావాటికి ఆ మాట చేరలేదు. ఇరవయ్యొక్క ఏళ్ల తర్వాత, 2017 నవంబర్ చివర్లో ఓఖీ తుఫాను వచ్చినప్పుడు కన్యాకుమారి, కేరళ జాలర్లదీ అదే గతి. తీరం నుంచి కాస్త దూరం పోతే సెల్‌ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. యాప్ ఎంత గొప్పదైనా అక్కడ మూగదే. దాంతో 2019లో ‘జెమిని’ అనే పరికరం తెచ్చారు. నడిసముద్రంలో కూడా ఉపగ్రహం నుంచి హెచ్చరిక అందుకుని ఫోన్‌కు ఇస్తుంది. కాకపోతే అది ఒకవైపు మాటే. ఆపదలో ఉన్నామని పడవలోంచి కబురు పెట్టడానికి పనికిరాదు.

సాంకేతికతతో లోకాన్ని మార్చాలనుకునే కుర్రకారుకు సవాలు కావాలంటే ఇదుగో, కళ్లెదుటే ఉంది. పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయం (1984లో పాండిచ్చేరి ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైంది ఇదే) నుంచి సముద్రం కూతవేటు దూరం. తీరం పొడవునా జాలరి పల్లెలే. కానీ ఇప్పటి ఇంజనీరింగ్ విద్యార్థికి సమస్య పల్లె నుంచి రాదు. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ సంగతే తీసుకోండి. మంత్రిత్వ శాఖలు, కంపెనీలు సమస్యల జాబితా ఇస్తాయి, కుర్రాళ్లు ఒకటి ఎంచుకుంటారు, తుది పోటీలో 36 గంటలు నిద్ర మానుకుని నమూనా తయారుచేస్తారు. వాళ్ల తెలివితేటలకు వంక పెట్టలేం. కృత్రిమ మేధ, డ్రోన్లు, చవక సెన్సర్లు వాళ్లకు మంచినీళ్లప్రాయం. లోపమల్లా ఆ నమూనాకు 37వ గంట లేకపోవడమే. బహుమతి తీసుకున్న కుర్రాడు నాలుగో ఏడాది దాటగానే చెన్నైకో బెంగళూరుకో వెళ్లిపోతాడు. అతన్ని తప్పుపట్టలేం. 1998లో విజ్ఞాన కేంద్రాల్లో కూచున్న యువతులను కూడా జీతం లేకుండా ఎల్లకాలం అక్కడే ఉండమనలేం కదా.

ఈ చిక్కుకు కొంత జవాబు దొరికింది యాప్‌లలో కాదు, ఒడిశా తీరంలో. 2020లో యునెస్కో అంతర్‌ప్రభుత్వ సముద్ర విజ్ఞాన సంఘం అక్కడి వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి గ్రామాలను సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్లుగా గుర్తించింది. (నోలియాలంటే ఒడిశా తీరంలో స్థిరపడ్డ తెలుగు జాలర్లే.) ఆ గుర్తింపుకు 12 కొలమానాలున్నాయి. ముంపు పటం గీసుకోవాలి, తప్పించుకునే దారి ఎటో బోర్డులు పెట్టాలి, జనంతో కసరత్తు చేయించాలి. పగలైనా రాత్రయినా హెచ్చరిక అందుకుని దాన్ని ఊరందరికీ చేర్చే ఏర్పాటు ఉండాలి. 2024లో ఒడిశాలోనే మరో 24 ఊళ్లకు ఈ గుర్తింపు దక్కింది. ఆ జాబితాలో చేరాలంటే అర్ధరాత్రి హైదరాబాద్ నుంచి కబురొస్తే ఎవరు లేస్తారో, మైకు గది తాళంచెవి ఎవరింట్లో ఉంటుందో ఊరు ముందే తేల్చుకోవాలి. నల్లవాడులో ఆ ఆదివారం తలుపు బద్దలుకొట్టాల్సి వచ్చింది.