గుడ్డుపెంకు గొప్పతనం

పిల్లలూ! కోడిగుడ్డు పగలగొట్టగానే పెంకును చెత్తలో పారేస్తాం. ఆ పెంకు మోటారు ఇంధనం తయారుచేయటానికి పనికివస్తుందంటే నమ్ముతారా?

1900లో పారిస్ నగరంలో జరిగిన ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ యంత్రం వేరుశనగ నూనెతో నడిచింది. కాని నూనె బాగా చిక్కన. దాన్ని అలాగే చాలాకాలం వాడితే యంత్రంలో మసి పేరుకుంటుంది. అందుచేత నూనె అణువునే మార్చి పలచన చేయాలి.

నూనె అణువును మూడు తోకల గాలిపటం అనుకోండి. తల గ్లిసరిన్, తోకలు కొవ్వు ఆమ్లాలు. మిథనాల్ అనే ద్రవం కలిపినప్పుడు తోకలు తలను వదిలి, ఒక్కొక్కటి ఒక్కొక్క మిథనాల్ అణువును పట్టుకుంటాయి. ఇలా పుట్టిన పలచని ఎస్టర్లనే బయోడీజిల్ అంటారు.

అయితే ఈ మార్పు దానంతట అది త్వరగా జరగదు. పెళ్లిళ్ల పేరయ్యలాంటి మధ్యవర్తి కావాలి. పేరయ్య సంబంధం కుదిర్చి, ఇంకొక సంబంధం చూడబోతాడు కదా! అలాగే పని జరిపించి, తాను ఖర్చుకాకుండా మిగిలే పదార్థమే ఉత్ప్రేరకం.

ఇందుకు సాధారణంగా కాస్టిక్ సోడా వాడతారు. అది చురుకైన క్షారమే. కాని మిథనాల్‌లో కరిగిపోతుంది. తరువాత ఎస్టర్లను నీళ్లతో కడగాలి, ఆ మురుగునీటిని శుద్ధిచేయాలి. సోడా మాత్రం తిరిగి చేతికి రాదు.

గుడ్డుపెంకు సంగతి చూడండి. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. సున్నపురాయి, నత్తగుల్ల కూడా అదే. దాన్ని 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి, సున్నం మిగులుతుంది. 100 గ్రాముల కార్బొనేట్‌కు 56 గ్రాముల సున్నం వస్తుంది. ఇదీ క్షారమే. కాని చాలావరకు కరగకుండా పొడిగానే ఉంటుంది. నూనె, మిథనాల్‌లతో కలిపి సుమారు 60 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు తిప్పి, వడకట్టి, మళ్లీ వాడుకోవచ్చు.

మరి అందరూ ఇదే ఎందుకు వాడరు? ఈ పేరయ్యకూ బలహీనతలున్నాయి. గాలిలోని తేమనూ, బొగ్గుపులుసు వాయువునూ పీల్చి నీరసపడతాడు. అప్పుడు మళ్లీ కాల్చాలి. పదేపదే వేపుళ్లు వేసిన నూనెలో విడి ఆమ్లాలుంటాయి. వాటితో కలిసి సబ్బుగా మారతాడు. కొద్దికొద్దిగా కరుగుతాడు కూడా. అందుకే కరగని, నీరసపడని ఘన క్షారం కోసం శాస్త్రజ్ఞులు వెతుకుతూనే ఉన్నారు.

ఇది మాత్రం ఇంట్లో చేయకండి! మిథనాల్ విషం, ఇట్టే మండుతుంది. నీళ్లుపోయని సున్నం ఒంటిని కాలుస్తుంది. దానికి బదులు గ్లాసులో నిమ్మరసం పోసి, పెంకుముక్క వేసి చూడండి. చిన్న చిన్న బుడగలు లేస్తాయి. బట్టీలో కాల్చినప్పుడు పెంకునుంచి పోయే వాయువు అదే!