అడవిపందికి ఫర్మానా

శంషాబాదు విమానాశ్రయమునకు కూతవేటు దూరమున, పెద్దగోల్కొండ శివారులో, రాత్రివేళ దిగుచున్న విమానముల దీపకాంతి ఆకుల మీద ఒక్క క్షణము తెల్లగా పారి మాయమగు మొక్కజొన్న చేనొకటి కలదు. మొన్న నేను వెళ్లునప్పటికి అది చేను కాదు, చేను ఉండిన చోటు. పాలుపట్టిన కంకులను సగము కొరికి, తక్కిన సగమును బురదలో త్రొక్కి, గట్టు పొడవునను నాగటిచాలు వలె నేలను మూతితో పెల్లగించి, అడవిపందుల మంద తెల్లవారకమునుపే వెడలిపోయినది. పందులు బెదరునని చేని చుట్టును కట్టిన పాతచీరలు మాత్రము చెక్కుచెదరలేదు. గట్ల మీద అందుకొరకే మంగలి దుకాణమునుండి తెచ్చి చల్లిన వెండ్రుకలు మంచుకు తడిసి నేలకు అంటుకొనియున్నవి.

"రాత్రంత మోటరు కాడ్నే పండుకున్న సారూ. జర కన్నంటుకున్నది, గంతనే. తుపాకి కొట్టనియ్యరు, కరెంటు పెట్టనియ్యరు. మరి పందిని బతిమాలాల్నా?" అని రైతు నన్నడిగెను.

ఈ ప్రశ్నకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున సమాధానము లేకపోలేదు. తొమ్మిదవ సెక్షను వేటను నిషేధించును. పదునొకండవ సెక్షను ఆ నిషేధములో కొంత సందు విడుచును. పులి, చిరుత, నెమలి మొదలగు మొదటి షెడ్యూలు ప్రాణుల విషయమున ఆ సందు సూదిబెజ్జమంత. రెండవ షెడ్యూలున ఉన్న అడవిపంది విషయమున అది కొంచెము వెడల్పు. 2022 సవరణకు పూర్వము మూడవ షెడ్యూలున ఉండిన ఈ జంతువు మనుష్యప్రాణమునకే గాక ఆస్తికి, అనగా నిలుచున్న పైరుకు సైతము, అపాయకరమైనదని తేలినపుడు, అధికారి కారణములు పేర్కొని వ్రాతపూర్వకముగా ఉత్తరువిచ్చి దానిని చంపింపవచ్చును. ఆత్మరక్షణకై సద్బుద్ధితో చంపుట నేరము కాదని కూడ ఆ సెక్షనే చెప్పుచున్నది. రైతుకు పైరే ప్రాణము గదా అని వాదించువారు కవులు. న్యాయస్థానమున ఆ వాదము నిలువదు. అనుమతి లేక చంపినవానికి మూడేండ్ల వరకు కారాగారము గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

అనుమతితో చంపిన పంది ఎవరిది? ముప్పది తొమ్మిదవ సెక్షను ప్రకారము అది రాష్ట్ర ప్రభుత్వపు సొత్తు. బ్రదికి పైరు మేసినంతకాలము దానికి యజమాని ఎవడును ముందుకు రాడు, కూలిన మరుక్షణమున సర్కారు యజమానియగును. శంషాబాదున ఇంకొక మెలిక గూడ కలదు. 1937 నాటి విమాన నియమావళిలోని 91వ నియమము, గ్రద్దలు చేరి విమానములకు తగులునన్న భయముచేత, విమానాశ్రయమునకు పది కిలోమీటర్లలోపల తగిన ఏర్పాట్లు లేక జంతువులను వధించుటను, చెత్తను పారవేయుటను నిషేధించుచున్నది. కావున కాల్చినవాడు కాల్చి చేతులు దులుపుకొనిపోవుటకు వీలులేదు. కళేబరము లోతుగా పూడినదాక పని ముగియదు.

2021లో తెలంగాణ ప్రభుత్వము ఈ ఉత్తరువిచ్చు అధికారమును సర్పంచులకు అప్పగించినది. తుపాకి పట్టువాడు మాత్రము అటవీశాఖ జాబితాలోని వేటగాడై ఉండవలెను. పంది పడిన ఊరిలోనే ఉత్తరువు ముద్ర ఉండుట మంచి యోచనయే అని నేనప్పుడు సంతోషించితిని. కాని 2024 ఫిబ్రవరి నాటికి సర్పంచుల పదవీకాలము ముగిసినది. ఎన్నికలు 2025 డిసెంబరులో గాని జరుగలేదు. ఆ మధ్యకాలముననే, 2024 సెప్టెంబరులో, ఔటర్ రింగు రోడ్డు చుట్టుపట్ల పంచాయతీలను పురపాలికలలో కలిపినపుడు, పెద్దగోల్కొండ, చిన్నగోల్కొండ మొదలగునవి శంషాబాదు పురపాలికలో చేరిపోయినవి. తక్కిన ఊళ్లకు సర్పంచులు తిరిగి వచ్చిరి. ఈ ఊళ్లకు ఆ పదవియే లేదు. పందికి మాత్రము ఈ పరిపాలనా సంస్కరణ ఎవరును తెలియజేసినట్లు లేదు.

2024 ఏప్రిల్ చివర గొల్లపల్లి వైపున విమానాశ్రయపు ప్రహరీ దూకి ఒక చిరుత లోపల తిరిగినపుడు, బోనులు వచ్చినవి, కెమెరాలు వచ్చినవి, ఎరగా మేక వచ్చినది; అయిదారు దినములలో దానిని పట్టి నల్లమలకు తరలించిరి. అది ఎంతయు మెచ్చదగిన కార్యము. అయితే చిరుత వచ్చినది రన్‌వే దగ్గరికి, పంది వచ్చినది కౌలుచేనికి.

కౌలు అంటిని. ఆ మాటలోని చిక్కు ఒక పోలికతో తెలియును. ఆస్ట్రేలియాలో కంగారూల బెడద గల భూస్వామి, రాష్ట్రమును బట్టి పేరు మారునట్టి లైసెన్సును పుచ్చుకొని, ఏ భూమిలో, ఎన్ని జంతువులను, ఏ గడువులోపల అను లెక్కకు లోబడి కాల్పించును. చచ్చిన తల్లి సంచిలోని పిల్లను ఏమి చేయవలెనో గూడ అక్కడి నియమావళి చెప్పును. తమ రాజముద్ర మీద నిలిపిన జంతువు విషయమున వారు చేయు ఈ పనిని మెచ్చని వారు ఆ దేశముననే పెక్కురు గలరు. ఎట్లున్నను అక్కడి లెక్కయంతయు భూమి యజమానిని నమ్ముకొని ఉన్నది. ఇక్కడనో, చేను దున్నువాడు కౌలుదారు. ప్రక్కన హద్దురాళ్లు పాతి విడిచిన ప్లాట్ల యజమాని ఏ డల్లాసులోనో ఉన్నాడు. ఆ ప్లాట్లలో పెరిగిన సర్కారుతుమ్మ పొదలే పగటివేళ పందులకు విడిది. అర్జీ ఎవరు వ్రాయవలెను, ఎవరి మీద వ్రాయవలెను?

రైతు చేతికి తుపాకి ఇమ్మని నేననను. ఇండ్లును చేలును ఇట్లు కలగలిసిన చోట గుండు ఎవరికి తగులునో చెప్పజాలము. కాని ఉత్తరువు అందనివాడు చీకటిలో కరెంటుతీగ పరచును. ఆ తీగకు పందియు ఒకటే, పొరుగువాడును ఒకటే, మరచి అడుగుపెట్టిన తానును ఒకటే. అందుచేత పంచాయతీ పోయిన ఊళ్లలో ఈ ముద్ర ఫలానా అటవీ అధికారిదని పేరెత్తి వ్రాసి, అర్జీ అందిన మూడు రాత్రులలోపల వేటగానిని పంపుటయో, పంపకుండుటకు కారణము వ్రాసి ఇచ్చుటయో అతని విధి చేయవలెను. ముండ్లపొదలు పెంచు ప్లాటు యజమానికి నోటీసు పోవలెను.

అంతవరకు మిగిలినది రాజేంద్రనగరము వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పిన కంచెపైరుల ఉపాయమే: మొక్కజొన్న చుట్టును ఆముదము, వేరుసెనగ చుట్టును కుసుమ. ఆ మాట చెప్పగా రైతు తలయూచి, వచ్చే కారుకు ఆముదము పెట్టెదననెను. నేను కారెక్కుచుండగా వెనుకనుండి పిలిచి, "పట్నంల పెద్ద పెద్ద కటింగు షాపులుంటయి గద సారూ, ఒక సంచెడు వెంట్రుకలు దొరుకుతయా?" అని అడిగెను.

— పథికుడు