తెలిసింది రాసిచ్చాకే రిజిస్ట్రేషన్

సంగారెడ్డి జిల్లా భానూర్‌లోనో పటాన్‌చెరులోనో ఫ్యాక్టరీ ఉద్యోగి సొంతిల్లు కొన్నాడంటే ఏళ్ల తరబడి ఈఎంఐ నెత్తికెత్తుకున్నట్టే. ఆ ఇంటి గురించి అమ్మేవారికి తెలిసిన లోపమేదీ అతనికి తెలియకుండా ఉండకూడదు. ఇది కొత్త కోరికేమీ కాదు. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఆస్తిలో గానీ హక్కులో గానీ ఉందని తెలిసిన అమ్మకందారు దాన్ని చెప్పి తీరాలని, దాచడం మోసమేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. ఆచరణలో మాత్రం సేల్ డీడ్‌లో ‘ఎలాంటి తగాదాలు లేవు’ అన్న అచ్చు వాక్యంతో పని ముగుస్తోంది. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ఉంది కదా అంటే, అది బిల్డర్ల ప్రాజెక్టులకు. 500 చదరపు మీటర్లు మించని స్థలాన్ని, ఎనిమిదికి మించని ఫ్లాట్లను వదిలేస్తుంది. చేతులు మారే పాత ఇళ్ల జోలికి రాదు.

కొనేవారే చూసుకోవాలన్న వాదన ఈ ప్రాంతంలో అసలు నిలవదు. ఇక్కడి కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. మందుల పరిశ్రమల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. తర్వాతి అధ్యయనంలో సమీప గ్రామాల బావుల్లోనూ మందుల అవశేషాలు కనిపించాయి. బోరు నీళ్లు దోసిట పట్టుకుని చూస్తే ఇవి తెలుస్తాయా? రాత్రిపూట కమ్ముకునే ఘాటు వాసన, పగలొచ్చి గదులు చూసి వెళ్లేవారికి తెలుస్తుందా? ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీస్తే రిజిస్టరైన లావాదేవీలు వస్తాయి గానీ, చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) ఎక్కడి దాకా ఉందో రాదు. 2024 సెప్టెంబరులో ఇదే జిల్లాలోని కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడల్లో ప్రభుత్వ భూమిలో కట్టారంటూ ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా భవనాలు కూల్చినప్పుడు, స్థలం చరిత్ర ముందే తెలియకపోతే కొన్నవారి గతి ఏమవుతుందో రాష్ట్రమంతా చూసింది.

నిజం చెబితే ధర పడిపోతుందన్నది రెండో అభ్యంతరం. పడవచ్చు. కానీ లోపం విలువ ఎవరో ఒకరు భరించక తప్పదు. ఇవాళ తెలిసిన మనిషి దాన్ని తెలియని మనిషి మీదికి నెడుతున్నాడు. ఒక్కడే చెబితే నష్టపోతాడన్న భయం నిజమే గనుక అందరికీ తప్పనిసరి చేయాలి. కాలిఫోర్నియాలో 1980ల చివరి నుంచీ ఇళ్లు అమ్మేవారు తమకు తెలిసిన లోపాలను నిర్ణీత ఫారంలో రాసిస్తున్నారు. అక్కడి అమ్మకాలేమీ ఆగిపోలేదు. అమ్మేవారికే తెలియకపోతే? ‘తెలియదు’ అని రాయనివ్వాలి. అది అబద్ధమని తేలితే కోర్టులో కొనుగోలుదారు చేతికి సాక్ష్యం దొరుకుతుంది. నోటిమాటకు ఆ బలం లేదు.

రిజిస్ట్రేషన్ శాఖ చేయాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. బోరు ఎండుతుందా, నీటిని ఎప్పుడైనా పరీక్ష చేయించారా, నోటీసులేమైనా అందాయా, కోర్టు కేసులున్నాయా, చెరువు బఫర్‌లో ఉందా, వానాకాలం నీళ్లు ఇంట్లోకి వస్తాయా అన్న ప్రశ్నలతో తెలుగులో ఒక ఫారం కావాలి. అది బయానా ఇచ్చే రోజుకే కొనేవారి చేతికి రావాలి. ఇరువురి సంతకాలతో సేల్ డీడ్‌కు జతకానిదే సబ్‌రిజిస్ట్రార్ దస్తావేజు తీసుకోకూడదు. దీన్ని ముందుగా సంగారెడ్డి జిల్లాలోనే మొదలుపెట్టాలి.