ఉమ్మి చాలదా?

మా ఏజెన్సీ పిల్లల రక్తం మీద అందరికీ హక్కే. మలేరియాకి వేలికి పోటు, రక్తహీనతకి ఇంకో పోటు, 2023 నుంచి సికిల్ సెల్ పేరున మరొకటి. అవి కావలసినవే, కాదనను. కానీ మూర్ఛకు మందు వాడే పిల్ల ఒంట్లో ఆ మందు ఎంత ఉందో చూడాలన్నా రక్తమే కావాలనడం దగ్గరే నా పేచీ. ఆ ల్యాబులు పట్నంలో ఉంటాయి. పాడేరు నుంచి విశాఖకు వంద కిలోమీటర్ల పైమాటే. ఊరి నుంచి పాడేరు చేరే లెక్క వేరే. తల్లికి కూలి పోతుంది, బస్సు చార్జీలు అప్పవుతాయి. అందుకే ఎవరూ వెళ్లరు, మాత్రలు అంచనా మీదే నడుస్తాయి.

ఫెనిటాయిన్‌నే చూడండి. రక్తంలో చేరిన ఈ మందులో నూటికి తొంభై వంతులు ఆల్బుమిన్ అనే మాంసకృత్తును పట్టుకుని ఉంటాయి. పనిచేసేది విడిగా ఉన్న ఆ పదో వంతే. మామూలు రక్తపరీక్ష రెంటినీ కలిపి లెక్కేసి, మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములుంటే సరిపోయిందంటుంది. తిండి చాలని పిల్లకు ఆల్బుమినే తక్కువ. మొత్తం లెక్క తక్కువగా కనిపిస్తుంది, డాక్టరు మోతాదు పెంచుతాడు. ఈ మందు కొంచెం పెంచినా రక్తంలో ఒక్కసారిగా ఎగబాకుతుంది. పిల్ల తూలుతుంది, మాట ముద్దవుతుంది, పాఠం మధ్యలో నిద్రపోతుంది. అలాంటి పిల్లను మొద్దని వెనక బెంచీకి తోసే బళ్లూ ఉన్నాయి.

ఉమ్మిలోకి దిగేది విడిగా ఉన్న మందే. ఇది 1970ల నుంచీ వైద్యులకు తెలిసిన సంగతి. అంటే మా పిల్లల విషయంలో ఉమ్మి, రక్తం దొరకనప్పుడు సర్దుకునే నాసిరకం పరీక్ష కాదు. ఆ మామూలు రక్తపరీక్ష కంటే నిజానికి దగ్గరగా ఉండేది.

అన్ని మందులకూ కుదరదంటారు. నిజమే, వాల్‌ప్రోయేట్‌కి ఉమ్మిని నమ్మలేం. మాత్ర పొడి నోట్లో మిగిలితే లెక్క తప్పుతుందంటారు. పొద్దుటి మాత్రకు ముందే నోరు పుక్కిలించి, కాసేపాగి తీస్తే సరి. ఫెనిటాయిన్‌తో చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతుంటే ఆ నమూనా పారేసి మళ్లీ తీయాలి. ఉమ్మిలో మందు తక్కువ కాబట్టి సన్నంగా కొలిచే యంత్రం కావాలి. ఇవేవీ మానేయడానికి కారణాలు కావు. టీబీకి కళ్లె డబ్బీలు ఆశా కార్యకర్తల చేతుల్లో కొండలు దిగడం లేదా?

ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ముందు ఈ రెంటికీ మొదలుపెట్టండి. ల్యాబు ఖర్చు ఐటీడీఏ భరించాలి, నర్సమ్మకు ఒక్కరోజు శిక్షణ ఇప్పించాలి. పుక్కిలించడానికి గ్లాసుడు నీళ్లు మా బళ్లో ఉన్నాయి.