తీగ లాగితే కదిలిన డొంక



ఛందస్సును గురించో, సామెతలను గురించో వ్రాసుకొనే ఈ చోట ఈసారి ఒక రాగి తీగను గురించి వ్రాయవలసివచ్చింది. ముప్పైమూడేళ్ళు బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితుడికి రాగి తీగతో ఏమి పని అని మీరు అడగవచ్చు. ఆ తీగను నా మిత్రుడొకాయన 42,000 రూపాయలు పోసి కొన్నాడు. కొన్నది నా మాట మీద. అదీ సంబంధం.

ఆయన మా బడిలోనే లెక్కల మాస్టారు. సంగీతమంటే ప్రాణం. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రమే మా తరంలో చాలామందికి సంగీత పాఠశాల. అందులో వచ్చిన కచేరీలను టేపురికార్డరు ముందు ఊపిరి బిగబట్టి కూర్చుని క్యాసెట్లకెక్కించి దాచుకున్న మనిషి ఆయన. ఉద్యోగ విరమణ చేసిన తరువాత, వచ్చిన డబ్బులో కొంత తీసి, జీవితంలో ఒక్కసారైనా మంచి స్టీరియో మీద పాట వినాలన్న కోరిక తీర్చుకున్నాడు. దానిలో నాకు ఏ ఆక్షేపణా లేదు. యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు, అన్నీ మంచివే కొన్నాడు. అంతటితో ఆగితే ఈ టపా ఉండేది కాదు.

ఒకనాడు నన్ను వెంటబెట్టుకొని నగరంలో ఒక దుకాణానికి వెళ్ళాడు. (దాని పేరు అప్రస్తుతం.) చల్లని గది, మెత్తని సోఫాలు. మొదట మామూలు తీగతో ఒక వయొలిన్ కీర్తన వినిపించారు. తరువాత మఖమలు పెట్టెలోనుండి చిన్నపిల్లవాడి మణికట్టంత లావున్న అల్లిక తీగను తీసి, తగిలించి, మళ్ళీ అదే కీర్తన వినిపించారు. "సంగీతజ్ఞానం ఉన్నవారికి తేడా వెంటనే తెలిసిపోతుంది సార్" అన్నాడు అక్కడి యువకుడు, ఎంతో వినయంగా. మా మిత్రుడు నావైపు తిరిగి "మాస్టారూ, మీది గణాలు లెక్కపెట్టే చెవి. ఏమంటారు?" అన్నాడు.

నేను "తేడా ఉన్నది. తంత్రుల నాదం విడివిడిగా వినిపిస్తున్నది" అన్నాను.

అబద్ధం చెప్పానా అంటే పూర్తిగా కాదు. నిజంగానే ఏదో విన్నట్లనిపించింది. అయితే ఆ అనిపించడంలో వినికిడి పాలెంత, భయం పాలెంత అని ఇప్పుడు విడదీసి చూసుకుంటే భయం పాలే ఎక్కువ. "జ్ఞానం ఉన్నవారికి తెలుస్తుంది" అన్న మాట తరువాత, తెలియలేదని చెప్పేదెవరు? దేవతావస్త్రాల కథలో రాజుగారి పరివారానిది కూడా సరిగ్గా ఇదే అవస్థ. ఆ కథను ఏటా ఆరవ తరగతి పిల్లలకు నవ్వుతూ చెప్పినవాడిని నేను.

అసలు సంగతిని బయటపెట్టింది మాస్టారి మనుమరాలు. ఇంజనీరింగు చదువుతున్నది. సెలవులకు వచ్చి, తీగ ధర విని, కాసేపు మాట్లాడలేదు. తరువాత కాగితం తీసుకొని లెక్క వేసింది. ఇళ్ళలో ప్లగ్గు పాయింట్లకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరు పొడవుకు సుమారు 7.4 ఓముల నిరోధం ఇస్తుంది. స్పీకరు మూడు మీటర్ల దూరంలో ఉంటే, పోనూ రానూ ఆరు మీటర్లు. అంటే 0.045 ఓములకు లోపే. స్పీకరు నిరోధం 8 ఓములు. దానితో పోలిస్తే తీగ అడ్డుపడేది అరశాతం మాత్రమే. ధ్వని తగ్గుదలగా చెబితే డెసిబెల్‌లో ఇరవయ్యవ వంతు. ఒక పూర్తి డెసిబెల్ తేడాయే శ్రద్ధగా వింటే తప్ప చాలామందికి తెలియదు. "తాతగారూ, ఇది ఓము 1827లో అచ్చువేసిన సూత్రమే. మీరు కొన్న తీగకు వేరే సూత్రం లేదు" అన్నది.

లెక్కల మాస్టారికి లెక్క అర్థం కాక కాదు. "లెక్క సరేనమ్మా, చెవికి వినిపించింది కదా" అన్నాడు. అయితే పరీక్ష చేద్దామన్నది ఆ పిల్ల. బజారులో ఎలక్ట్రికల్ కొట్టులో తీగ కొనుక్కొచ్చింది. రెండు స్పీకర్లకూ కలిపి 500 రూపాయలు దాటలేదు. సెట్టు వెనుక ఒక దుప్పటి కట్టింది. ప్రతిసారీ మమ్మల్ని వరండాలోకి పంపి, నాణెం ఎగురవేసి, బొమ్మ పడితే ఖరీదు తీగ, బొరుసు పడితే కొట్టు తీగ తగిలించేది. పాత తీగే ఉండవలసి వచ్చినా ఊడదీసి మళ్ళీ తగిలించేది, చప్పుడును బట్టి మేము ఊహించకుండా. పన్నెండు మార్లు. మొదలుపెట్టక ముందే మాస్టారు తానే షరతు పెట్టాడు: గుడ్డిగా చెప్పినా సగం ఒప్పవుతాయి, పన్నెండింట పదీ అంతకు మించీ అదృష్టం వల్ల ఒప్పయ్యే అవకాశం నూటికి రెండు పాళ్ళే, కనుక పది వస్తేనే గెలిచినట్లు. ఆ నిజాయితీ ఆయనది.

ఆయనకు ఏడు వచ్చాయి. నాకు అయిదు.

చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత మాస్టారు కోపం లేకుండానే "నేను కొన్నది తీగ కాదు మాస్టారూ, మీ మాట" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెబుతారు. ఇక్కడ శబ్దమంటే ధ్వని కాదు, ఆప్తవాక్యం. ఉన్నదానిని ఉన్నట్లు ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పేవాడు ఆప్తుడు. ఆ దుకాణంలో నేను ఆప్తుడి పీట మీద కూర్చున్నాను. కానీ నాకు ఎరుక లేదు. ఇక ప్రత్యక్షం మాటా చూడండి. చీకట్లో తాడును చూసి పాము అనుకున్నవాడు కూడా కళ్ళారా చూశాననే చెబుతాడు. దీపం తేవడమొక్కటే దానికి మందు. చెవి విషయంలో ఆ దీపం, ఏది ఏదో తెలియకుండా వినే పరీక్షే. చెవికి ముందే మనస్సుకు ధర తెలిసిపోతే, చెవి మనస్సు చెప్పినట్లే వింటుంది. ధ్వని జ్ఞాపకం కూడా మనమనుకున్నంత కాలం నిలవదు. రెండు వినికిళ్ళ మధ్య తీగ మార్చే వ్యవధిలోనే అది చెదిరి, ఆ ఖాళీని ఊహ పూరిస్తుంది. రెండవసారి శబ్దం పిసరంత పెంచితే చాలు, అదే మెరుగనిపిస్తుంది. దుకాణంలో అలా చేశారని నేను అనను. చేయలేదని తెలుసుకునే వీలు మాత్రం మాకు లేదు.

ఇది మా ఇద్దరి అమాయకత్వం మాత్రమే కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. 2007లో అమెరికాలో పేర్ కేబుల్ అనే సంస్థ పన్నెండడుగుల స్పీకరు తీగల జతను 7,250 డాలర్లకు అమ్మింది. మోసాలను బయటపెట్టడంలో పేరుపొందిన ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ, మామూలు మంచి తీగకూ దీనికీ తేడాను గుడ్డిపరీక్షలో చెప్పగలిగితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఒక సమీక్షకుడు ముందుకు వచ్చినా, తీగల సంస్థ తప్పుకొన్నది. వాదప్రతివాదాలే మిగిలాయి, పరీక్ష జరగలేదు. 2008లో డెనాన్ సంస్థ గణకయంత్రాలను కలిపే ఈథర్నెట్ తీగవంటి దానినే ఒకటిన్నర మీటరుది దాదాపు 500 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. సంకేతం ఏ వైపు ప్రవహించాలో చూపే బాణపు గుర్తులు కూడా దానిమీద వేసింది. ఒకట్లూ సున్నలూ పోయే దారిలో వెండి తాపడం చేసినంత మాత్రాన ఒకటి మరింత ఒకటి కాదు! సీడీ అంచుకు ఆకుపచ్చ సిరా పూస్తే పాట తేటపడుతుందని 1990 ప్రాంతంలో నమ్మినవారున్నారు. గాజు సీసాలో గులకరాళ్ళు పోసి, గదిలో పెట్టుకుంటే ధ్వని బాగుపడుతుందని అమ్మినవారూ ఉన్నారు.

అదే 2007లో అమెరికాలోని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరన్ అనే ఇద్దరి పరిశోధన వచ్చింది. సీడీకన్న ఎంతో మేలైనవని చెప్పే రికార్డింగులను నేరుగానూ, మధ్యలో సీడీ ప్రమాణానికి దించీ వినిపించారు. 554 ప్రయత్నాలలో సరిగ్గా గుర్తించినవి 276. అంటే బొమ్మా బొరుసూ వేసినట్లే. 2022లో బయటపడిన సంగతి ఇంకా విచిత్రం. మొబైల్ ఫిడెలిటీ అనే సంస్థ గ్రామఫోను రికార్డుల తయారీలో ఏళ్ళ తరబడి డిజిటల్ మెట్టును వాడుతూ వచ్చిందని ఆ ఏడు తెలిసింది. ఆ మెట్టు లేని శుద్ధమైన అనలాగ్ నాదమని నమ్మి ఆ రికార్డులను కొన్నవారెందరో, మెచ్చుకొన్నవారెందరో. డిజిటల్ అంటే చెవికి గుచ్చుకుంటుందనే రసికులకు, ఎవరో చెప్పేదాకా గుచ్చుకోలేదు.

"ఎవరి డబ్బు వారిది, ఎవరి ఆనందం వారిది. మీకెందుకు?" అని వ్యాఖ్యలలో ఎవరైనా అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. బంగారు పొన్ను వేసిన చేతికర్ర కొనుక్కునేవాడిని నేను ఆక్షేపించను. పొన్ను అందానికని వాడికీ తెలుసు, అమ్మినవాడికీ తెలుసు. ఆ పొన్ను వల్ల నడక వేగం పెరుగుతుందని చెప్పి అమ్మితే, అది ఆనందం మాట కాదు, యథార్థం మాట. దానికి ఋజువు అడగవలసిందే. అంతకన్న నన్ను బాధించేది మరొకటి ఉన్నది. వినిపించలేదని చెప్పినవాడికి సంస్కారం లేదన్నట్లు చూసే ఆ చూపు. కొనలేనివాడి చెవిని ముందే కించపరచి, కొనగలిగినవాడి నోరు కట్టేసే వ్యాపారం అది. మా మాస్టారు జీవితమంతా పిల్లలతో "తెలియకపోతే తెలియదని చెప్పరా, తప్పులేదు" అన్నవాడు. ఆ మాట నేను అనవలసిన చోట అనలేదు.

అన్నీ దండుగని కూడా అనను. స్పీకరుకూ స్పీకరుకూ నిజంగానే తేడా ఉంటుంది. అది గుడ్డివాడికైనా, గుడ్డిపరీక్షలోనైనా తెలుస్తుంది. జుట్టంత సన్నని తీగను ఇల్లంతా చుట్టి తెస్తే నష్టమూ వినిపిస్తుంది. సరిగా బిగించని అతుకు బుర్రుమంటుంది. అన్నిటికన్న పెద్దది గది. మాస్టారి హాలులో నున్నని బండలు, బోసి గోడలు. నడుమ నిలబడి చప్పట్లు కొడితే గణగణమని మారుమోగేది. మనుమరాలు స్పీకర్లను గోడనుండి రెండడుగులు ముందుకు జరిపి, నేలమీద జంపఖానా పరచి, ఎదురుగోడకు పాత బొంత కట్టింది. ఈసారి పరీక్ష అవసరం కాలేదు. వంటింట్లో ఉన్న మాస్టారి భార్య బయటికి వచ్చి "ఇవాళ సాహిత్యం తెలుస్తున్నదే!" అన్నారు. ఖర్చు సున్న.

నా చెవుల సంగతీ చెప్పి ముగిస్తాను. ఈ గొడవ తరువాత చెవి వైద్యుడి దగ్గరకు వెళ్ళాను. ఆయన ముందు గులిమి తీశారు, తరువాత యంత్రంతో పరీక్షించారు. యౌవనంలో మనిషి చెవి సెకనుకు ఇరవై వేల కంపనాల దాకా అందుకుంటుంది. వయస్సుతో పై మెట్లు ఒక్కొక్కటే ఊడిపోతాయి. నాకు ఎనిమిది వేల దగ్గరే గీత బాగా కిందికి పడిపోయింది. అంటే, తంత్రుల నాదం విడివిడిగా వినిపిస్తున్నదని సాక్ష్యం చెప్పిన పండితుడికి ఆ నాదపు పై అంచు వినే శక్తే లేదన్నమాట.

మాస్టారికి క్షమాపణ చెప్పాను. సగం డబ్బు నేను పెట్టుకుంటానన్నాను. ఒప్పుకోలేదు. దుకాణంవారు వాపసు తీసుకోమన్నారు. ఆ ఖరీదు తీగ ఇంకా ఆయన సెట్టుకే ఉన్నది. ఎందుకు తీయలేదని అడిగితే "తీస్తే మాత్రం తేడా ఏముంటుంది మాస్టారూ?" అని నవ్వాడు. ఈ కథ వ్రాయమన్నదీ ఆయనే. పేరు వద్దన్నాడు, లెక్క మాత్రం తప్పకుండా వ్రాయమన్నాడు.

కనుక మిత్రులారా, మీలో ఎవరికైనా ఇటువంటి తీగమీదో, తాయెత్తుమీదో మనసు పోతే, డబ్బు చెల్లించకముందు పన్నెండు మార్లు నాణెం ఎగురవేయండి. ఎన్ని ఒప్పయ్యాయో ఇక్కడ వ్యాఖ్యలో వ్రాయండి. తక్కువ వచ్చినా సిగ్గుపడనక్కరలేదు, నాకు వచ్చినవి అయిదే.

స్వస్తి.