రాళ్ళను చదివించు పంతులుగారు

చరిత్రకారుడనగానే మన పట్టణవాసుల కన్నులయెదుట విశ్వవిద్యాలయాచార్యుడో, పురావస్తుశాఖాధికారియో నిలుచును. శ్రీరామోజు హరగోపాల్ గారు ఈ రెండు తెగలకును జెందినవారు కారు. వృత్తిచే ఉపాధ్యాయులు, ప్రవృత్తిచే కవి, ఆలేటి ప్రాంతపువారు. 'కొత్త తెలంగాణ చరిత్ర బృందము' అను స్వచ్ఛంద సంఘమునకు కన్వీనరుగా నుండి, శాసనములను, వీరగల్లులను, పాతరాతియుగపు ఆనవాళ్ళను వెదకి వెలికిదీయు పనిని సామాన్యజనుల చేతికిచ్చిన మహాశయులు. ఈ కడపటి మాటయే నాకు ముఖ్యముగా దోచుచున్నది.

ఆలేటి ప్రక్కనే కొలనుపాక యున్నది. కల్యాణి చాళుక్యుల కాలమున వెలుగొందిన పట్టణము, జైనులకు పుణ్యక్షేత్రము. అట్టి నేలపై బెరిగిన తెలుగు పంతులుకు చరిత్ర పుస్తకమునకన్న ముందు చెఱువుకట్టపైని రాతియందు గనబడుట వింతగాదు. తమ సీమనుగూర్చి 'ఆలేటి కంపణం' అను గ్రంథమును రచించిరి. కంపణమన నాటి పాలనావిభాగము; పేరులోనే ఊరి పాతచిరునామా యున్నది.

బడిపంతుళ్ళు చరిత్ర వ్రాయుట తెలంగాణమున నేటి యాచారము గాదు. ఆదిరాజు వీరభద్రరావు గారు బడిపంతులే. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారి పేర హైదరాబాదున వెలసిన పరిశోధక మండలి 1935లో 'తెలంగాణా శాసనములు' ప్రకటించినపుడు, దాని వెనుక నుండినది సర్కారు ఖజానా గాదు, ఇట్టివారి కాలినడక.

శాసనము చదువుట యెట్టి విద్యయో న్యాయవాదిగా నాకు మిక్కిలి ముచ్చట గొల్పును. అది సాక్షిని ప్రశ్నించుటవంటిది. రాతిని గడిగి, తడికాగితము నద్ది, కుంచెతో గొట్టి, సిరా పూసి అచ్చు దీయవలెను. అక్షరపు తలకట్టునుబట్టి శతాబ్దమును గుఱుతింపవలెను. ఆపైన తిథిని పరీక్షింపవలెను. రామప్ప గుడిలోని రేచర్ల రుద్రుని శాసనము శకవర్షము 1135, శ్రీముఖ సంవత్సరమని చెప్పుచున్నది. శకాంకమునకు 78 కూడిన 1213 వచ్చును. శ్రీముఖ అరువదియేండ్లకొకమారే తిరిగి వచ్చును గనుక, అంకె యొక సాక్షి, పేరు రెండవ సాక్షి. రెండును పొసగనిచో ఎచ్చటనో పొరపాటున్నదన్నమాట. ఈపాటి లెక్క మన ఉన్నత పాఠశాలలలో తొమ్మిదవ తరగతి బాలునికి ఒక మధ్యాహ్నమున నేర్పవచ్చును. నేర్పుచున్నామా?

కాప్రావాసులమైన మనకు ఆలేటి పంతులుగారితో బనియేమి యందురా? మన తూర్పున కొలది క్రోసుల దూరమున కీసరగుట్ట యున్నది. అచ్చటి గుండుపై 'తొలచువాన్డ్రు' అను తెలుగు మాట చెక్కబడియున్నది. విష్ణుకుండినుల కాలమునాటి లిపియని పండితుల యభిప్రాయము. తెలంగాణమున మిగిలిన మిక్కిలి ప్రాచీనమైన తెలుగు పలుకులలో నొకటి రాజుగారి బిరుదు గాదు, రాయి గొట్టు కూలివాండ్ర పేరు! శివరాత్రికి గుట్టయెక్కు లక్షలమందిలో దానిని జూచినవారెందఱు? దక్షిణమున మూసీ యొడ్డున చైతన్యపురిలో గోవిందరాజ విహారమును బేర్కొను ప్రాకృతశాసనమున్నది. మన పొరుగుననే మౌలాలీయందు నిజాము ప్రభుత్వకాలమున రాక్షసగుళ్ళను త్రవ్వి చూచిరి. ఇన్ని యుండియు, 1591లో చార్మినారు లేచిననాడే మన చరిత్ర పుట్టినట్లు పిల్లలకు జెప్పుకొనుచున్నాము.

ఇంతలో యంత్రము వచ్చినది. గుట్టలు కంకరయగుచున్నవి, పొలములు ప్లాట్లగుచున్నవి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినమాట నిజమే. కాని చట్టము కావలి కాయునది జాబితాకెక్కిన కట్టడమునకు. ఊరిబయట తుమ్మచెట్టుక్రింద బడియున్న అక్షరాలరాయి ఏ జాబితాలో నున్నది? దానిని ఎవరైన చదివి, ఫలానా సర్వేనెంబరులో నున్నదని వ్రాసిపెట్టిననాడు గదా అధికారిని నిలువదీయుటకు మనకు కాగితముండును! హరగోపాల్ గారి బృందము చేయుచున్న పనికి న్యాయస్థానమున గల విలువ యిదియే.

ఒక చిన్న మనవి. క్రొత్త శాసనము దొరికినదను వార్త మఱునాటి పత్రికలో వచ్చుటతో సరిపోదు. దాని యచ్చు, పూర్తి పాఠము, కొలతలు, స్థలవివరము సంపుటములుగా వెలువడవలెను. ప్రతి గ్రామమును తన గుడి కాకతీయులదే యని పట్టుబట్టు నీ కాలమున, ఇతరులు సరిచూచి ఖండించుటకు వీలుండవలెను. అందులకు ధనము కావలయును. అది బృందమువారి జేబులనుండి రావలెనని మనము కూర్చుండుట సిగ్గుచేటు. చందాలెత్తి దసరా పందిళ్ళు వేయు పేటలకు శాసనసంపుటమొకటి భారమా?

కాప్రా, నాచారము, ఉప్పలులలోని పఠనమందిరములవారు ఒక్కొక్క ఆదివారము పదిమంది బాలురను, బాలికలను కీసరగుట్టకు గొనిపోవుదురుగాక. ఆ గుండుముందు నిలిపి, అక్షరములను పుస్తకములో దింపుకొననిండు. సుద్దతో రుద్దనీయకుడు, గోటితో గీయనీయకుడు. సాయంకాలపు ఏటవాలు వెలుతురులో గీతలు స్పష్టముగా గనబడును.