తిరిగి వచ్చిన ఒక్కడు



మన సంఘాల్లో సాక్ష్యాలకు కొదువ లేదు. జ్వరం తగ్గినా, ఆపరేషన్ బాగా జరిగినా, కాన్పు సుఖంగా అయినా ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి దేవునికి స్తోత్రం చెల్లిస్తాము. కృతజ్ఞత కానుక కూడా వేస్తాము. ఇది మంచి అలవాటు. అయితే దేవుడు ఆ మేలును ఎవరి చేతుల మీదుగా పంపించాడో, ఆ చేతుల సంగతి మన సాక్ష్యాల్లో తరచుగా రాదు. రాత్రంతా సెలైన్ బాటిల్ చూసుకున్న నర్సమ్మ, పక్కబట్టలు మార్చిన ఆయమ్మ, రక్తమిచ్చిన ముక్కూ మొహం తెలియని మనిషి, మనం ఆసుపత్రిలో ఉంటే మన పిల్లలకు అన్నం పెట్టిన పక్కింటివాళ్ళు, వీళ్ళెవరూ గుర్తుకు రారు.

కృతజ్ఞత గల హృదయము, దీనమైన హృదయము వేర్వేరు కావు. నేను ఇతరుల చేతుల మీదుగా పొందాను అని ఒప్పుకోవడం దీనత్వం. ఆ మాట నోరు తెరిచి చెప్పడం కృతజ్ఞత. మొదటిది లేకుండా రెండవది రాదు.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు. వెనుకకు తిరిగి వచ్చి యేసుప్రభువు పాదాల దగ్గర సాగిలపడినవాడు ఒక్కడే. అతడు సమరయుడు, అంటే యూదులు తక్కువగా చూసిన జాతివాడు. ఆరోగ్యం పదిమందికీ దొరికింది గాని, కృతజ్ఞత తెలిసినవాడు మాత్రం ఎవరూ ఎదురుచూడని చోటనుండి వచ్చాడు.

మన ప్రాంతపు చరిత్రలో కూడా ఇలాంటి పాఠం ఉంది. గోదావరికి ఎగువన, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. దాని వెనుక ఉన్నది 1907లో భారతదేశానికి వచ్చిన స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త, మెథడిస్టు పాదిరి జార్జి కెర్. ఊరు వెలివేసిన రోగులను వారు చేరదీసి వైద్యం చేశారు. ఈ సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాము. కాని ఆ ఆసుపత్రి లేవడానికి పెద్ద మొత్తంలో దానమిచ్చినవాడు రాజా నర్సాగౌడ్, ఒక హిందువు. సువార్తలో బయటివాడు కృతజ్ఞత నేర్పాడు, ఇక్కడ బయటివాడు దాతృత్వం నేర్పాడు. మిషన్ సేవ అంటే మనం ఇతరులకు చేసినది మాత్రమే అనుకుంటే, మనకు అందినది మరచిపోయినట్టే.

మన మంథని వేదపండితుల ఊరుగా పేరుపడినది. ఇక్కడ మన ఇరుగుపొరుగులో ఎక్కువమంది ఇతర మతస్థులే. అర్ధరాత్రి ఆటో తీసినవారు, మందుల షాపులో అప్పు పెట్టినవారు వారిలోనే ఉంటారు. వారి పేరెత్తి సంఘంలో కృతజ్ఞత చెబితే దేవుని మహిమ తగ్గదు. ఆయన చెయ్యి ఎంత దూరం చాచబడిందో తెలుస్తుంది.

ఇక ఆరోగ్యానికి సంబంధించి ఒక ముఖ్యమైన మాట. కొందరు నాలుగు వారాల్లో దగ్గు తగ్గగానే దేవుడు స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పి టీబీ మందులు మానేస్తారు. టీబీకి సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. కుష్ఠువ్యాధికి రకాన్ని బట్టి ఆరు నెలలు గాని పన్నెండు నెలలు గాని వాడాలి. ఈ రెండు మందులూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. టీబీ మందులు మధ్యలో ఆపితే క్రిములు మందులకు లొంగకుండా మొండికేస్తాయి, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటాయి. యేసుప్రభువు ఆ పదిమందినీ యాజకుల యొద్దకు పంపాడని మరువకండి. ధర్మశాస్త్రం ప్రకారం చర్మాన్ని పరీక్షించి శుద్ధుడని ప్రకటించవలసినవారు యాజకులే. ప్రభువే పరీక్షను కాదనలేదు. మరల పరీక్షకు రావడం, చివరి మాత్ర వరకు మింగడం అవిశ్వాసం కాదు. పొందిన మేలును కాపాడుకొనే కృతజ్ఞత అది. సంఘ కాపరులు ఈ మాట ప్రసంగ వేదిక మీదనుండి చెబితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

ఆసుపత్రుల్లో పనిచేసే మనకు కూడా ఒక మాట. రోగులు చేతులు జోడించి, దేవుని తర్వాత మీరే అంటారు. వినడానికి తీయగా ఉంటుంది, మెల్లగా తలకెక్కుతుంది. ఆ చేతులు జోడించిన అవ్వ తన ఒంటిని, తన భయాన్ని మనల్ని నమ్మి మన చేతుల్లో పెట్టింది. ఆమెను పేరు పెట్టి, అవ్వా అని మర్యాదగా పిలవడం, ఆమె మాట పూర్తిగా వినడం మనం ఆమెకు చెల్లించవలసిన కృతజ్ఞత. వార్డు తుడిచే ఆమె చేతులు శుభ్రంగా లేకపోతే సర్జన్ గారి నైపుణ్యం కూడా చీముపడుతుంది. ఆమెకు నమస్కారం పెట్టని ఆసుపత్రిలో ప్రార్థన గది ఉండి ఏమి లాభం?

ఈ వారం మీకు మేలు చేసిన ఒక మనిషిని వెదకి, వెళ్ళి చెప్పండి. ఫోను కాదు, వెళ్ళి చెప్పండి. తిరిగి వచ్చిన ఆ ఒక్కడు నడిచే వచ్చాడు. ప్రభువు మనకందరికీ అట్టి దీనమనస్సు దయచేయును గాక. ఆమేన్.